వాయేజర్ గోల్డెన్ రికార్డ్ బాక్స్ సెట్: మనకన్నా పైవాళ్ళు ఎదురైతే ఏం మాట్లాడతామో ఇందులో వినొచ్చు

ఓజ్మా రికార్డ్స్ అనే సంగీత సంస్థ తెచ్చిన వాయేజర్ గోల్డెన్ రికార్డ్ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) సెట్ గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్ళు నాకు కనిపించలేదు, అందుకే కాస్త పొడుగైనా రాసేస్తున్నాను. తెలియనివాళ్ళ కోసం ముందు అసలు సంగతి. 1977 ఆగస్టు 20న వాయేజర్ 2, సెప్టెంబర్ 5న వాయేజర్ 1 అనే నాసా అంతరిక్ష నౌకలు బయల్దేరాయి (అవును, రెండో నంబరుదే ముందు వెళ్ళింది). రెండింటికీ ఒక్కో రికార్డు బిగించి పంపారు. పన్నెండు అంగుళాల రాగి పళ్ళెం, పైన బంగారు పూత. ఏనాటికైనా ఎవరికైనా ఆ నౌక దొరికితే మనమెవరమో వాళ్ళకు తెలియాలని. చుక్కల మధ్య చీకట్లో కొట్టుకుపోతున్న ఆ చిన్న నౌకను కనిపెట్టి పట్టుకోవాలంటే ఆ ఎవరో మనకన్నా చాలా ముందుండాలి, ఆ సంగతి దీన్ని తయారుచేసిన ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ బృందానికి బాగా తెలుసు. అంటే ఇది మొదటి నుంచీ మనకన్నా పైవాళ్ళకు రాసిన ఉత్తరమే. 55 భాషల్లో పలకరింపులు, పన్నెండు నిమిషాల భూమి శబ్దాలు, 27 సంగీతం ట్రాకులు, వందకు పైగా బొమ్మలు.

వినైల్ రూపంలో ఇది నలభై ఏళ్ళపాటు జనానికి దొరకలేదు. 2016లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే 13 లక్షల డాలర్లకు పైనే వచ్చాయి, 2017లో సెట్ బయటికొచ్చింది, 2018లో ప్యాకేజింగ్‌కి గ్రామీ కూడా వచ్చింది. అది ఊరికే రాలేదని పెట్టె చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. గుడ్డ అంటించిన గట్టి అట్టపెట్టె, దాని మీద బంగారు రేకుతో అసలు రికార్డు మూత మీది ఆ ప్రసిద్ధమైన బొమ్మ. లోపల వెలుతురుకు పట్టుకుంటే అవతలి వైపు కనిపించే బంగారు రంగు ఎల్పీలు మూడు, 96 పేజీల గట్టి అట్ట పుస్తకం, గోడకు కట్టించుకునేలా ఒక ప్రింటు, డౌన్‌లోడ్ కోడు. విడుదలైనప్పుడు ధర 98 డాలర్లు. ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలిసి గుండె గుభేల్మంటుంది, నాకైతే అమెరికా నుంచి వస్తూ మా బావ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాడు. మీకూ అలాంటి బావ ఎవరైనా ఉంటే అదే మంచి దారి.

శబ్దం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగుంది. అసలు మాస్టర్ టేపుల నుంచే చేశారు, 1977లో ఆ రికార్డుకు నిర్మాతగా ఉన్న టిమతీ ఫెరిస్ ఈ పనిలోనూ ఉన్నాడు. పాత జానపద రికార్డింగుల్లో గరగర ఉంటుంది, అది అప్పటి రికార్డింగులదే, ప్రెస్సింగ్‌ది కాదు.

నేను దీన్ని కొనడానికి అసలు కారణం వేరు. గ్రహాంతరవాసులు వస్తే మనుషులు ఏం చేస్తారు అనే ప్రశ్న మీద ఎన్నో వాదనలు చదివాను. పారిపోతారని కొందరు, దణ్ణం పెడతారని కొందరు, తుపాకులు తీస్తారని కొందరు. అవన్నీ ఊహలు. ఈ రికార్డు దగ్గర మాత్రం ఊహ లేదు, నిజంగా మనుషుల్ని మైకు ముందు కూర్చోబెట్టి "పైనున్న వాళ్ళకు ఏదైనా చెప్పండి" అన్నారు, వాళ్ళు చెప్పారు. ఆ చెప్పిందేమిటో వింటే మన జాతి గురించి చాలా తెలుస్తుంది. నా రివ్యూ ఎక్కువగా దాని గురించే.

మొదట వినిపించే గొంతు అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్‌ది, ముప్పావు నిమిషం. శాంతినీ స్నేహాన్నీ మాత్రమే కోరి వస్తున్నామనీ, అడిగితే నేర్పుతామనీ, అదృష్టం ఉంటే నేర్చుకుంటామనీ అంటాడు. ఎంత చక్కటి మాట! మనకన్నా పెద్ద నాగరికత ముందు నిలబడి చెప్పడానికి ఇంతకన్నా మర్యాదైన మాట దొరకదు. కానీ దాని వెనక కథ తెలిశాక వినడం కష్టం. 1986లో ఆయన ఆస్ట్రియా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు బయటపడింది, రెండో ప్రపంచ యుద్ధంలో బాల్కన్లలో జర్మన్ సైన్యపు నిఘా విభాగంలో అధికారిగా పనిచేసిన సంగతి అన్నాళ్ళూ దాచిపెట్టాడని. ఆ గొంతు ఇప్పుడు 2,500 కోట్ల కిలోమీటర్లు దాటి పోతోంది, తిరిగి తెచ్చుకోలేం. భూమి మొత్తం తరఫున మాట్లాడటానికి ఎవరిని నిలబెట్టాలో ఒక పద్ధతంటూ లేకపోతే, కుర్చీలో ఉన్నవాడే మాట్లాడతాడు. రేపు నిజంగా సిగ్నల్ వచ్చినా జరిగేది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో విషయం. బొమ్మలతో పాటు అమెరికా అధ్యక్షుడు కార్టర్ సందేశం ఉంది, అది బాగుంది, మన సమస్యల్ని మనం పరిష్కరించుకున్నాక గెలాక్సీలోని నాగరికతల సమాజంలో చేరాలని ఆశ అంటాడు. దాని పక్కనే నాసా వ్యవహారాలు చూసే కమిటీల్లోని సెనేటర్లు, ప్రతినిధుల పేర్ల జాబితా కూడా ఎక్కించారు. మన ఊళ్ళో బోరింగు వేసినా శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు పడాల్సిందే కదా, ఇదీ అంతే. వందల కోట్ల ఏళ్ళు నిలవగలిగే ఫలకం మీద జాగా అంత తక్కువ ఉన్నప్పుడు, ఆ జాగాలో ఇంకో నాలుగు పిల్లల ఫొటోలు పెట్టి ఉండొచ్చు కదా అని నాకు నిజంగానే బాధేసింది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల ప్రసంగాలు కూడా ఉన్నాయి, వాటిని మాత్రం తిమింగలాల పాటలతో కలిపేశారు. ఈ నాలుగు నిమిషాల ట్రాకు నాకు చాలా ఇష్టం. దౌత్యవేత్తలు పొందిగ్గా మాట్లాడుతూ ఉంటారు, వాళ్ళ వెనక నుంచి తిమింగలం మూలుగు పైకి లేచి వాళ్ళను దాటిపోతుంది. వచ్చేవాళ్ళకు ఆ రెండింటిలో ఏది ముఖ్యమైన కబురో మనం చెప్పలేం కూడా.

ఇక 55 భాషల పలకరింపులు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా లేదు, కానీ నేను ఎక్కువ విన్నది ఇదే. ఎక్కువగా కార్నెల్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల దొరికిన వాళ్ళనే పిలిచి మాట్లాడించారు, ఏం చెప్పాలో రాసివ్వలేదు, చిన్నగా ఉండాలన్నారంతే. అందుకే ఒక్కొక్కరూ ఒక్కోలా మాట్లాడారు, మనుషులు ఎన్ని రకాలుగా స్పందిస్తారో అన్ని రకాలూ పడ్డాయి. సుమేరియన్‌తో మొదలవుతుంది, ఇప్పుడెవరూ మాట్లాడని భాష. తర్వాత గ్రీకు గొంతు, మీరెవరైనా సరే నమస్కారం, స్నేహితులకు స్నేహితులుగా వస్తున్నాం అంటుంది. చూడండి, ఎంత జాగ్రత్తో! ఆ స్నేహానికి ఒక షరతు ఉంది. ఆఫ్రికాలోని న్గూని, సోతో భాషలవాళ్ళు అవతలివాళ్ళను మహానుభావులారా అన్నట్టుగా సంబోధిస్తారు, అంటే ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళని ముందే ఒప్పేసుకున్నారు. గుజరాతీ గొంతు భూమ్మీద ఒక మనిషి నుంచి నమస్కారం, సంప్రదించండి అని సూటిగా పని చెప్పేస్తుంది. టర్కిష్ గొంతు "టర్కిష్ మాట్లాడే మిత్రులారా" అని పిలుస్తుంది, అక్కడ కూడా తమవాళ్ళే ఉంటారన్న నమ్మకంతో. రాజస్థానీ ఆయన, మేమిక్కడ సంతోషంగా ఉన్నాం, మీరక్కడ సంతోషంగా ఉండండి అంటాడు. ఏ ఊరి నుంచో ఇంటికి రాసిన ఉత్తరంలో మొదటి వాక్యంలా ఉంటుంది, నాకైతే వినగానే కళ్ళు చెమర్చాయి. అమోయ్ చైనీస్ మాట్లాడే ఆవిడ అయితే, అంతరిక్ష మిత్రులారా, ఎలా ఉన్నారు, భోంచేశారా, తీరికున్నప్పుడు రండి అంటుంది.

తెలుగు చివర్లో వస్తుంది, హంగేరియన్ తర్వాత. నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పి ముగించారు. ఆ వెంటనే చెక్, కన్నడ, రాజస్థానీ, ఆఖరికి ఇంగ్లీషులో ఒక చిన్న పిల్లవాడి గొంతు, అది సాగన్ ఆరేళ్ళ కొడుకుది. తెలుగు ముక్క వచ్చినప్పుడు మా నాన్న పేపరు చూస్తున్నారు. తలెత్తి "మళ్ళీ పెట్టు" అన్నారు. ముల్లు వెనక్కి జరిపి పెట్టడం ఎంత కష్టమో ఎల్పీ ఉన్నవాళ్ళకు తెలుసు, హంగేరియన్‌కి ముందు ఎక్కడో పడింది, సరే, అక్కడి నుంచి విన్నాం. "అంతేనా? ఒకసారి రమ్మని పిలవలేదేంట్రా?" అన్నారాయన. మా అమ్మ వంటింట్లోంచే "ఎలాంటివాళ్ళో తెలియకుండా ఎలా పిలుస్తారండీ" అంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ దాని మీదే మాట్లాడుకున్నారు. ఆయనకేమో అంత దూరం రాగలిగినవాళ్ళు మనల్ని దోచుకోవడానికి వస్తారా, మన దగ్గరేముందని. ఆవిడకేమో తెల్లవాళ్ళు ఓడల్లో వచ్చినప్పుడు కూడా మొదట వ్యాపారమే అన్నారు కదా అని.

ఈ మాట కాలక్షేపానికి అన్నది కాదు, పెద్ద పెద్దవాళ్ళు కొట్టుకున్న వాదన ఇదే. 1974 నవంబరులో అరెసీబో టెలిస్కోప్ నుంచి ఎం13 నక్షత్ర గుచ్ఛం వైపు ఒక రేడియో సందేశం పంపితే, అప్పటి బ్రిటన్ రాజ ఖగోళవేత్త మార్టిన్ రైల్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు, అవతల ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళో ఆకలితో ఉన్నవాళ్ళో మనకేం తెలుసు, మన ఉనికి మనమే చాటుకోవడం ప్రమాదం అని. ఆయన అదే ఏడాది నోబెల్ తీసుకున్న మనిషి. ఇంకా ముందు, 1960లో నాసా కోసం బ్రూకింగ్స్ సంస్థ తయారుచేసిన నివేదికలో కూడా ఉంది, తమ స్థానం మీద ధీమాగా ఉన్న సమాజాలు తమకు తెలియని, వేరే ఆలోచనలూ వేరే జీవన పద్ధతులూ ఉన్న సమాజాలు ఎదురైనప్పుడు కూలిపోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయని. వాళ్ళు వచ్చి మనల్ని ఏమీ చెయ్యక్కర్లేదు, వాళ్ళున్నారని తెలిస్తేనే మన చదువులు, మన నమ్మకాలు, మన పని మీద మన గౌరవం ఏమవుతాయి అన్నది నాకు అసలు ప్రశ్నగా కనిపిస్తుంది. మనం వంద ఏళ్ళు కష్టపడి కనుక్కోబోయేది వాళ్ళకు బడిపిల్లల పాఠం అయితే, ఇక్కడ పరిశోధన చేసే కుర్రాడికి రేపు పొద్దున లేచి ల్యాబ్‌కి వెళ్ళాలనిపిస్తుందా? ఇక జవాబు చెప్పే పద్ధతి అంటారా, 1989లో అంతర్జాతీయ వ్యోమయాన అకాడమీ వాళ్ళు ఒక ప్రకటన తయారుచేశారు, సిగ్నల్ దొరికితే ముందు నిర్ధారించుకోండి, అందరికీ చెప్పండి, దేశాలన్నీ సంప్రదించుకోకుండా జవాబు పంపకండి అని. మంచి మాటే. ఎవరినీ కట్టిపడేసే చట్టం మాత్రం కాదు.

భయం విషయంలో ఈ రికార్డు ఏం చేసిందంటే, దాన్ని బయటే వదిలేసింది. బొమ్మల్లో యుద్ధం లేదు, బాంబు లేదు, ఆకలితో ఉన్న బిడ్డ లేదు. బృందం కావాలనే వద్దనుకుంది, మొదటి పరిచయంలోనే బెదిరింపులా అనిపించకూడదని. పుస్తకంలో ఆ బొమ్మలన్నీ వరసగా వేశారు. పిల్లకు పాలిస్తున్న తల్లి, బడి, సూపర్‌మార్కెట్, డీఎన్ఏ, సముద్రం, సూర్యాస్తమయం. తిరగేస్తుంటే హాయిగా ఉంటుంది, కానీ కొంతసేపటికి ఏదో తక్కువైందనిపిస్తుంది, పెళ్ళిచూపుల కోసం సర్దిన ఇల్లు చూసినట్టు. నా అభిప్రాయం చెప్పమంటే, ఇది తప్పు నిర్ణయం. మనకన్నా ఎంతో ముందున్నవాళ్ళు ఆ దశ దాటి రాకుండా అక్కడికి చేరి ఉండరు, మేమూ కొట్టుకుంటున్నాం, ఇంకా బయటపడలేదు అని చెప్పుకుని ఉంటే ఆ ఒక్క మాటతో వాళ్ళకు మనం ఎక్కువ అర్థమయ్యేవాళ్ళం.

అయితే ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. భూమి శబ్దాల ట్రాకు చివర్లో ఒక నిమిషం పాటు గుండె చప్పుడు, దాంతోపాటు దూరంగా టపాకాయల జడ కాలుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. అవి ఈ రికార్డు బృందంలోని ఆన్ డ్రూయన్ శరీరం నుంచి, మెదడు నుంచి తీసిన సంకేతాలు, గంటసేపటి రికార్డింగును ఒక నిమిషానికి కుదించారు. 1977 జూన్ 3న తీశారు. అంతకు రెండు రోజుల ముందే ఆమె, సాగన్ ఫోన్లో మాట్లాడుకుని పెళ్ళి చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ గంటసేపూ తాను ఏం తలచుకున్నదీ ఆమె తర్వాత చెప్పింది. భూమి చరిత్ర, మనుషుల ఆలోచనల చరిత్ర, ఎంతోమందికి ఈ లోకాన్ని నరకం చేస్తున్న హింస, పేదరికం, చివరికి ప్రేమలో పడటం ఎలా ఉంటుందో కూడా. అంటే బొమ్మల్లో దాచేసిందంతా ఆ చిటపటల్లో ఉంది! దాన్ని చదవగలిగే విద్య మనకు లేదు. వాళ్ళు నిజంగా అంత ముందుంటే వాళ్ళకు ఉండొచ్చు. అప్పుడు వాళ్ళకు మన గురించి నిజం చెప్పేది వాల్డ్‌హైమ్ కాదు, కార్టర్ కాదు, కొత్తగా ప్రేమలో పడి లోకంలోని కష్టాన్ని కూడా మర్చిపోని ఒక ఆడమనిషి మెదడు. ఈ సెట్ మొత్తంలో నేను దేనికైనా డబ్బులు పెట్టానంటే ఆ ఒక్క నిమిషానికే.

సంగీతం గురించి త్వరగా చెప్పేస్తాను. బాక్‌వి మూడు, బీథోవెన్‌వి రెండు, చక్ బెర్రీ, జావా గమెలాన్, పెరూ పెళ్ళిపాట, అన్నీ మంచివే. మన దేశానికి ఒక్కటే, కేసర్‌బాయి కేర్కర్ పాడిన "జాత్ కహా హో", భైరవి, మూడున్నర నిమిషాలు. ఆ పాత రికార్డు కోసం వెతికితే చివరికి న్యూయార్క్‌లో ఒక భారతీయ కుటుంబం నడిపే దుకాణంలో దొరికిందట. ఈ ఎల్పీ మీద ఆమె తాన్ విప్పుతుంటే గదిలో ఎవరూ మాట్లాడరు, నేను చూశాను. వాయేజర్ 1 బయల్దేరిన పదకొండు రోజులకే, సెప్టెంబర్ 16న ఆమె చనిపోయారు. కర్ణాటక సంగీతం నుంచి ఒక్క ముక్కా లేకపోవడం నాకు మింగుడుపడని విషయం, వీణ ఒక్క నిమిషం పెట్టినా చాలేది. అమెరికా బ్లూస్ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ పాట తప్పక వినండి, అందులో మాటలుండవు, మూలుగే ఉంటుంది, రాత్రి తలదాచుకునే చోటు లేనివాడి మూలుగు. పేదరికం బొమ్మల్లోంచి తీసేసినా పాటల్లోంచి పోలేదు.

ఇక లోపాలు. పలకరింపులన్నీ ఒకే ట్రాకు, డౌన్‌లోడ్‌లో కూడా అంతే, భాష భాషకీ విడగొట్టలేదు. అసలు రికార్డులో అలాగే ఉంది కాబట్టి ఉంచేశామంటే ఎల్పీ వరకు ఒప్పుకుంటాను, డిజిటల్ ఫైళ్ళలో విడదీసి ఇస్తే ఎవరికీ నష్టం లేదు. ఇంకోటి, అసలు రికార్డు నిమిషానికి పదహారున్నర పైచిలుకు చుట్లు తిరుగుతుంది, అందుకే అంతా ఒకే పళ్ళెంలో పట్టింది, ఇక్కడ మామూలు వేగం కాబట్టి మూడు ఎల్పీలు అయ్యాయి, ప్రతి ఇరవై నిమిషాలకీ లేచి తిప్పాలి. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఆ పని మీదే.

టర్న్‌టేబుల్ లేనివాళ్ళు రెండు సీడీల సెట్ చూడండి, పుస్తకం దాంతో కూడా వస్తుంది. కేవలం తెలుగు పలకరింపు కోసమైతే రూపాయి పెట్టొద్దు, నాసా వెబ్‌సైట్లో ఏ భాషకా భాష విడిగా ఉచితంగా వినొచ్చు, బొమ్మలూ చాలావరకు అక్కడే ఉన్నాయి. కొనేవాళ్ళు మాత్రం పుస్తకంలోని ఫెరిస్ వ్యాసం ముందు చదివి, తర్వాత భూమి శబ్దాల ట్రాకు ఒంటరిగా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, నలుగురిలో వింటే ఆ చిటపటలు ఏదో ఎల్పీ మీద దుమ్మనుకుని దాటేస్తారు. పిల్లలుంటే పలకరింపులు వాళ్ళతో కలిసి విని, నువ్వయితే ఏం చెప్తావని అడగండి. మా అన్నయ్య కూతురిని అడిగితే, ముందు వాళ్ళ పేరు అడుగుతానంది. 55 పలకరింపుల్లో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

ఐదుకి నాలుగున్నర.